గుండెలో ఎంత ఛార్జ్ ఉంది?

2021 ఫిబ్రవరి 2న మన మెట్రోలో ఒక గుండె ప్రయాణం చేసింది. ఎవరికో అమర్చడానికి నాగోల్‌లో ఎక్కించి, మధ్యలో ఎక్కడా ఆపకుండా జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దాకా తీసుకెళ్లారు. మనం పొద్దున్నే వేలాడుతూ హైటెక్ సిటీకి వెళ్లే బ్లూ లైనే అది.

ఈ సంగతి చెప్తే మా నానమ్మ, "మనిషిలకెల్లి తీసిన గుండె ఎట్ల బతుకుతదిరా? దానికి తిండెట్ల?" అంది. ఆమెకి పోయినేడాది స్టెంట్ వేశారు, కాబట్టి ఊరికే అడగలేదు. నేనేమో బయాలజీని పదో తరగతితో వదిలేసినవాణ్ణి. చదవాల్సి వచ్చింది.

గుండె ఖర్చుపెట్టే కరెన్సీ ఏటీపీ. అది తగ్గగానే నింపే పవర్ బ్యాంక్ లాంటిది ఫాస్ఫోక్రియాటిన్. దాన్ని 1927లో హార్వర్డ్‌లో బయటపెట్టింది సైరస్ ఫిస్కే, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. వాళ్లు కండరం నూరి, రసం తీసి, నీలం రంగు ఎంత వచ్చిందో చూసి ఫాస్ఫరస్ లెక్కగట్టేవారు. కండరం రసంలో మాత్రం ఆ రంగు ఆలస్యంగా వచ్చింది. మనమైతే "మళ్లీ రన్ చేస్తే వస్తుందిలే" అనుకునేవాళ్లం. వాళ్లు ఆ ఆలస్యం వెంటపడ్డారు. ఏదో పదార్థం మెల్లగా విరుగుతూ ఫాస్ఫేట్‌ని వదులుతోందని తేలింది.

కానీ నూరితే గుండె అయిపోయినట్టే, ఒక్క రీడింగే దొరుకుతుంది. పదో నిమిషంలో ఎంతుందో కావాలంటే ఇంకో జంతువు కావాలి.

జంతువు గుండెని బయటికి తీసి, మహాధమనికి గొట్టం పెట్టి పోషక ద్రవం పంపిస్తే కొట్టుకుంటూనే ఉంటుందని జర్మనీలో లాంగెన్‌డార్ఫ్ 1895లోనే చూపించాడు. సుబ్బారావు గారు పుట్టిందీ ఆ ఏడాదే! 1970ల్లో ఆక్స్‌ఫర్డ్‌లో జార్జ్ రాడా బృందం ముందు ఎలుక కాలి కండరాన్ని, తర్వాత అలా కొట్టుకుంటున్న ఎలుక గుండెని పెద్ద అయస్కాంతంలో పెట్టింది. రేడియో తరంగం పంపితే ఫాస్ఫరస్ కేంద్రకాలు జవాబిస్తాయి. ఏ అణువులో ఉన్నాయన్నదాన్ని బట్టి ఫ్రీక్వెన్సీ కొంచెం మారుతుంది. గ్రాఫ్‌లో ఏటీపీకి మూడు శిఖరాలు, ఫాస్ఫోక్రియాటిన్‌కి ఒకటి, విడి ఫాస్ఫేట్‌కి ఒకటి. కోయక్కర్లేదు, నూరక్కర్లేదు.

ఇప్పుడు ద్రవం ఆపేస్తే? ఫాస్ఫోక్రియాటిన్ శిఖరం నిమిషాల్లో కుంగిపోతుంది, ఫాస్ఫేట్ లేస్తుంది. ఏటీపీ కాసేపు నిలబడి, తర్వాత అదీ దిగుతుంది. ఫాస్ఫేట్ శిఖరం పక్కకి జరిగితే గుండెలో ఆమ్లం పెరుగుతోందని అర్థం. చల్లబరిస్తే ఇదంతా నెమ్మదిస్తుంది. అందుకే ఆ ఐస్ పెట్టె. "తిండి పెట్టరు నానమ్మా, ఆకలి తగ్గిస్తరు" అని చెప్పాను. రక్తనాళం మూసుకుపోయినప్పుడు ఆమె గుండెలో ఒక మూల జరిగింది కూడా ద్రవం ఆపేయడం లాంటిదేనని మాత్రం చెప్పలేదు.

ఎలుక సంగతి నన్ను వదల్లేదు. పది ఎలుకల పని ఒక్కదానితో అవుతుంది, నిజమే. ఆ ఒక్కటి మాత్రం బతకదు.

సుబ్బారావు గారు 1948లో న్యూయార్క్‌లో చనిపోయారు. నూరితేనే దొరికిన ఆ పదార్థం, కొట్టుకుంటున్న గుండెలో శిఖరంగా లేవడం ఆయన చూడలేదు.