షాంఘై సమాధులకడ పూచిన పువ్వు

పుట్టినింటినుండి మల్లెయంటు తడిగుడ్డలో చుట్టి తెచ్చుకొనుట మనలో ననేకులకు వాడుకయే. నేనట్లు రెండుమారులు తెచ్చితిని. రెండుమారులును రైలు దిగునప్పటికే యది వాడిపోయినది. ఒక్కరాత్రి ప్రయాణమున కిట్లుండగా, చీనానుండి ఇంగ్లండునకు నెలల తరబడి యోడమీద మొక్కలను ప్రాణముతో చేర్చిన రాబర్టు ఫార్చ్యూను కథ చదివినప్పుడు నాకు గలిగిన యాశ్చర్యమును మీతో జెప్పక యుండలేకున్నాను.

ఈతడు స్కాట్లండు దేశీయుడు, తోటపని నేర్చినవాడు. 1842లో నల్లమందు యుద్ధమున నోడి చీనావారు అయిదు రేవులను ఆంగ్లేయులకు దెరువవలసివచ్చెను. మరుసటి యేడే లండను ఉద్యానసంఘమువా రీతనిని మొక్కలకై యంపిరి. జీత మేటికి 100 పౌనులు. చక్రవర్తి తోటలో కాయు రెండేసి పౌనుల బరువుగల పీచిపండ్లు, నీలిరంగు పియొనీ పువ్వు మున్నగునవి తెమ్మని జాబితా వ్రాసియిచ్చిరి. తుపాకి మాత్ర మీయమనిరి, చేతికఱ్ఱ చాలునట! ఆతడు పట్టుబట్టి తీసికొనిపోబట్టి బ్రతికెను. తరువాత నొకనాడు జ్వరముతో పడవలో బడియుండగా సముద్రపుదొంగలు పైబడిరి. పడవవారు దాగికొనగా నీతడే లేచి, వారు మిక్కిలి చేరువకు వచ్చుదాక నోరిచి తుపాకి ప్రేల్చెను. ఇల్లాలు జేను స్వదేశముననే యుండెను. ఇంటివిషయములు గ్రంథమున కెక్కించు నలవాటీతనికి లేదు.

రేవులు దాటి దూరము పోవుటకు పరదేశీయుల కనుజ్ఞ లేదు. అందుచే తల గొరిగించుకొని, జడ తగిలించుకొని, చీనావేషమున సూచౌ నగరము చూచి వచ్చెను. ఇది సాహసమే కాని, యింటివారి యనుమతి లేక పెరటిలో దూరుటయు నగును గదా!

షాంఘై కోటగోడల చుట్టును ఆ యూరివారి సమాధులుండెడివి. నవంబరు మాసమున వానినడుమ గులాబివన్నె అనిమోను పూలు విరియబూసియుండుట యాతడు చూచెను. ఆకులు రాలుకాలమున, చనిపోయినవారికడ నట్టి నిండుపూత! దానినిగూడ ద్రవ్వి తీసికొనెను. మల్లెజాతిలోనిదే మఱియొక తీగ, చలికాలమున పచ్చనిపూలు పూచునది, ఆతనికి దొరకెను. దానికి పరిమళము లేదు. మనవారు జడలో దుఱుమరు. నీలి పియొనీ మాత్రము దొరకలేదు.

ఓడమీద మొక్కలకు శత్రువులు ఉప్పుగాలి, మంచినీటి కఱవు. లండను వైద్యుడు వార్డు అనునాతడు 1829 ప్రాంతమున పురుగుగూడు నొకదానిని తడిమన్నుతో సీసాలో నుంచి మూతపెట్టగా, లోపల గడ్డియు, నొక చిన్న పర్ణమొక్కయు మొలచెను. ఆకులనుండి లేచిన యావిరి యద్దమునకు బట్టి, చినుకులై మరల మన్నున బడుచుండుటయే దీని కీలకము. ఆ తీరున జేసిన 18 అద్దపుపెట్టెలతో ఫార్చ్యూను 1846 మే నెలలో థేమ్సు నది చేరెను. ఆ యేటి అక్టోబరు మాసమున సంఘమువారి చిస్విక్ తోటలో అనిమోను పూచెను, షాంఘై సమాధులకడ నెట్లు పూచెనో యట్లే.

1848లో నీతడు తూర్పుయిండియా కుంపిణీవారి పక్షమున మరల చీనాకు బోయి, తేయాకు మొక్కలను హిమాలయపు తోటలకు బంపెను. అది వేఱొక కథ.

మొన్న పుట్టినింటికి బోయినప్పుడు మల్లెయంటును తడిగుడ్డలో జుట్టలేదు. ఊరగాయపెట్టు వెడల్పుమూతి గాజుసీసాలో తడిమన్నుతో నాటి, మూతబిగించి తెచ్చితిని. రైలులో నెల్లరును నవ్విరి. లోపల చినుకులు పట్టినవి. రెండాకులు రాలినవి, తక్కినవి పచ్చగా నున్నవి.