రోడ్డు కోసం వేసుకునే చొక్కా

పొద్దున్నే బండి తీసే ముందు మనం అద్దంలో చూసుకునేది ఆఫీసులో ఎలా కనపడతామనే. రోడ్డు మీద పడితే ఏమవుతామని చూసుకునేవాళ్ళు నాకు పెద్దగా తగల్లేదు. హెల్మెట్ సంగతి వేరు, దానికి మోటారు వాహనాల చట్టం 129వ సెక్షనుంది, చలాన్ భయముంది. మెడ కింద నుంచి మాత్రం మన ఇష్టం. తలకి మంచి హెల్మెట్, ఒంటికి ఏదో కాన్ఫరెన్సులో ఊరికే ఇచ్చిన టీషర్టు. కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలి దాకా ఏ సిగ్నల్ దగ్గర చూసినా ఇదే వేషం.

రైడింగ్ జాకెట్ వేసుకోవచ్చు కదా అంటే అందరూ రెండు కారణాలు చెప్తారు. ఒకటి ఎండ. రెండోది, అది వేసుకుని ఆఫీసులో అడుగు పెడితే "ఏం బాసూ, లడఖ్ నుంచి డైరెక్టుగా స్టాండప్‌కి వచ్చావా?" అంటారని. మొదటిది పైకి చెప్పే కారణం, రెండోదే అసలు కారణమని నా అనుమానం :-) ఏదైతేనేం, వేలు పోసి కొన్న జాకెట్ తలుపు వెనక కొక్కేనికి వేలాడుతుంటే అది తలుపుని కాపాడుతుంది, మనల్ని కాదు.

అందుకే చొక్కాల్లాగా, హుడీల్లాగా కనపడే రైడింగ్ బట్టలంటే నాకు ఆసక్తి. పైకి గళ్ళ చొక్కా. లోపల అరామిడ్ లైనింగు, భుజాలకీ మోచేతులకీ ప్యాడ్లు.

మనవాళ్ళకి లెక్క చూపిస్తే గానీ నమ్మకం కుదరదు కాబట్టి చిన్న లెక్క. గంటకి 50 కి.మీ. అంటే సెకనుకి దాదాపు 14 మీటర్లు. రోడ్డుకీ బట్టకీ మధ్య ఘర్షణ గుణకం 0.7 అనుకుంటే, కింద పడ్డ మనిషి ఆగేలోపు సుమారు 14 మీటర్లు జారతాడు, రెండు సెకన్లపాటు. పల్చటి కాటన్ ఆ రెండు సెకన్లు నిలవదు. మామూలు పాలియెస్టర్ హుడీ అయితే రాపిడి వేడికి కరిగి గాయానికి అంటుకునే ప్రమాదం కూడా ఉంది. అరామిడ్ కరగదు. మనందరికీ తెలిసిన కెవ్లార్ ఈ జాతిదే, 1965లో డ్యూపాంట్‌లో స్టెఫనీ క్వోలెక్ కనిపెట్టింది.

నా రూమ్మేట్ ఒకసారి మలుపులో ఇసక మీద జారి పడ్డాడు. స్పీడు ముప్ఫై కూడా లేదు. ఎముకలేం విరగలేదు, "చిన్న దెబ్బే" అన్నారందరూ. ఆ చిన్న దెబ్బలోంచి కంకర నలకలు పోవడానికి నర్సు రుద్ది రుద్ది కడుగుతుంటే, వాడు గోడ వైపు తిరిగి ఫోన్లో వాళ్ళమ్మతో "ఏం లేదమ్మా, మీటింగులో ఉన్నా" అంటున్నాడు. పక్కనే నిలబడి విన్నాను. పెద్ద యాక్సిడెంట్ల గురించి ఏ చొక్కా ఏం చెయ్యగలదో గానీ, ఈ చిన్న దెబ్బల్ని మాత్రం ఆపగలదు.

సరే, కొనేటప్పుడు ఏం చూడాలి? మొదట లేబుల్. "సీఈ ఆర్మర్ ఉంది" అని పెద్దక్షరాలతో రాసి ఉంటే అది ప్యాడ్ల గురించి మాత్రమే, బట్ట గురించి కాదు. బట్టకి వేరే యూరోపియన్ ప్రమాణం ఉంది, ఈఎన్ 17092, 2020లో వచ్చింది. అందులో ఎక్కువ రాపిడి తగిలే భాగాన్ని ఏ గ్రేడుకి గంటకి 45 కి.మీ., ఏఏకి 70, ఏఏఏకి 120 వేగాలకి సమానంగా అరగదీసి పరీక్షిస్తారు. ఇది ల్యాబు లెక్క, గ్యారంటీ కాదు. చొక్కాలూ హుడీలూ ఎక్కువగా ఏ, కొన్ని ఏఏ. బీ అంటే ఏ లాంటి బట్టే, ప్యాడ్లుండవు. సీ అంటే ప్యాడ్లని పట్టి ఉంచడానికే, రాపిడికి పనికిరాదు.

ప్యాడ్లకి ఈఎన్ 1621. మోచెయ్యి, భుజం ప్యాడ్లలో లెవల్ 1 అయితే పరీక్షలో అవతలికి దాటే బలం సగటున 35 కిలోన్యూటన్లు మించకూడదు, లెవల్ 2 అయితే 20. ఇంకో చిన్న విషయం. ప్యాడ్ మీద టీ అక్షరం, పక్కన ప్లస్ గుర్తు ఉంటే దాన్ని 40 డిగ్రీల వేడిలో కూడా పరీక్షించారన్నమాట. మెత్తటి ప్యాడ్లు వేడికి ఇంకా మెత్తబడతాయి, మన మే నెల సంగతి తెలిసిందేగా. వీపు దగ్గర జేబులో ఏముందో కూడా తీసి చూడండి. చాలావాటిలో ఖాళీగా ఉంటుంది, లేదా ఉత్త స్పాంజి ముక్క.

తర్వాత సైజు. క్యాజువల్ కదా అని వదులుగా తీసుకుంటే పడ్డప్పుడు ప్యాడ్ పక్కకి తిరిగిపోతుంది. ట్రయల్ రూములో చేతులు హ్యాండిల్ పట్టుకున్నట్టు చాపి, రెండో చేత్తో మోచేతి ప్యాడ్‌ని తిప్పి చూడండి. సులువుగా తిరిగితే వద్దు. నడుము దగ్గర బెల్టుకి తగిలించే లూపు ఉంటే మంచిది, జారేటప్పుడు చొక్కా పైకి లేవదు. హుడీ అయితే టోపీని కదలకుండా పట్టే బటన్లుండాలి. లేకపోతే గాలికి కొట్టుకుంటుంది, వెనక్కి తిరిగి చూడబోతే అడ్డం పడుతుంది.

ఎండ గురించి అబద్ధం చెప్పను. లైనింగున్న చొక్కా కంటే మెష్ జాకెట్లోకే గాలి బాగా వెళ్తుంది. వికారాబాదో శ్రీశైలమో వెళ్ళేటప్పుడు నేను జాకెట్టే వేసుకుంటాను. కానీ ఏడాదిలో అలాంటి రోజులు పదో పన్నెండో. మిగతా రోజులన్నీ ఆఫీసు రోడ్డే. ఉతికేటప్పుడు ప్యాడ్లు తీసెయ్యాలి, బ్లీచ్ వాడకూడదు, నీడలో ఆరెయ్యాలి. ఎండా బ్లీచూ రెండూ అరామిడ్‌కి పడవు.

ధర నాలుగంకెల్లో మొదలై అయిదంకెల దాకా వెళ్తుంది. ఫోనుకి కవరూ, గ్లాసూ, ఇన్సూరెన్సూ కొనేవాళ్ళం, ఇది మరీ ఖరీదని నేననుకోను. ఒక్కటి మాత్రం మర్చిపోకండి. వెనక కూర్చునే మనిషి కూడా మనతో పాటు అదే స్పీడులో పడతారు. నేను కొన్నాక ఆ సైటులోనే ఆడవాళ్ళ సైజులు వెతికి మా చెల్లికీ ఒకటి ఆర్డర్ పెట్టాను. రంగు బాలేదంది. వేసుకుంటోంది.