అభిమానుల తగవు

అమెరికాలో బేస్‌బాల్‌ను ప్రాణప్రదంగా భావించే నగరాలలో బోస్టన్ ఒకటి. అక్కడి రెడ్ సాక్స్ జట్టు 1918 తరువాత 86 ఏళ్ళ పాటు ఒక్క వరల్డ్ సిరీస్ కూడా గెలవలేదు. ఎవరిని ఆడించాలి, ఎవరిని వదులుకోవాలి అన్న తగవు తాతల నుండి మనుమలకు ఆస్తిలా సంక్రమించింది. ఆటగాళ్ళను ఇచ్చిపుచ్చుకొనే అధికారం మాత్రం జనరల్ మేనేజరుది.

2004 జూలై 31న, 30 ఏళ్ళ జనరల్ మేనేజర్ థియో ఎప్‌స్టీన్, అభిమానుల ఆరాధ్యుడైన నోమార్ గార్సియాపారాను చికాగో కబ్స్ జట్టుకు ఇచ్చివేశాడు. 1999, 2000 సంవత్సరాలలో అమెరికన్ లీగ్‌లో బ్యాటింగ్ సగటున అగ్రస్థానం అతనిదే. అయితే అతనిని గాయాలు వేధిస్తున్నాయి. ఒప్పందం ఆ ఏటితో ముగియనున్నది. పైగా జట్టు ఫీల్డింగ్ బలహీనంగా ఉన్నది. లెక్క సబబైనదే. కాని అతని పేరున్న చొక్కా తొడుక్కొని పెరిగిన పిల్లవానికి ఆ లెక్క ఎవరు చెప్పగలరు? మూడు నెలలు తిరగకముందే రెడ్ సాక్స్ వరల్డ్ సిరీస్ గెలిచింది. అంతటితో ఎప్‌స్టీన్ దోషి కాదు, దార్శనికుడు!

2020 ఫిబ్రవరిలో యాజమాన్యం ముకీ బెట్స్‌ను లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్‌కు పంపివేసింది. 2004 నాటి ఓదార్పు ఈసారి అక్కరకు రాలేదు. ఆ ఏటి వరల్డ్ సిరీస్‌ను డాడ్జర్స్ గెలుచుకొన్నది. బోస్టన్‌లో తగవు మళ్ళీ మొదటికి వచ్చింది.