మాయావిని జయించే మార్గం

బలవంతుడైన ప్రత్యర్థిని బలంతో ఎదుర్కొనవచ్చు. మాయావిని ఎదుర్కొనడానికి మాత్రం ముందుగా స్వీయమనోనిగ్రహం కావాలి. అతని మాయలో సగం అతని చేతిలో ఉంటే, తక్కిన సగం మన తొందరపాటులో ఉంటుంది.

విజయవాడలో మా మేనల్లుడు ఆడే ‘స్ట్రీట్ ఫైటర్’ అనే వీడియో గేమ్ ఈ సత్యానికి చక్కని దృష్టాంతం. జపాను సంస్థ కాప్‌కామ్ 1991లో వెలువరించిన ఆ క్రీడ రెండవ భాగంలో ధల్సిమ్ అనే భారతీయ యోగి యోధునిగా ప్రవేశించాడు. కపాలమాలాధారి. కరచరణాలను దూరానికి సాచి కొడతాడు, నోటినుండి అగ్ని విడుస్తాడు, అంతర్ధానమై వెనుక ప్రత్యక్షమవుతాడు. అట్టి ప్రత్యర్థి చేతిలో వరుసగా ఓడిన మావాడు, “మావయ్యా, వాడిది యుద్ధం కాదు, మోసం!” అన్నాడు. ఆ క్రోధం ఇల్లంతా వ్యాపించింది. రెండు దినాలు తల్లితో కూడా మాట్లాడలేదు.

ఇద్దరం కూర్చుని ఆ పోరును నిదానంగా పరిశీలించాం. సాచిన చేయి ఆయుధమే కాదు, లక్ష్యం కూడా. దానిని కొట్టినా దెబ్బ అతనికే. అగ్ని వచ్చినప్పుడు తొందరపడి మీదికి దూకక, కాచుకొంటూ అడుగడుగునా సమీపించాలి. అంతర్ధానమైనప్పుడు బటన్లన్నీ నొక్కక, ప్రత్యక్షమై తేరుకొనే లోపల కొట్టాలి. అన్నిటి సారం ఒక్కటే: చూచి కదలడం. మరునాడు కూడా మావాడు ఓడాడు. కాని తల్లి పెట్టిన అన్నం నవ్వుతూ తిన్నాడు.

మన ఇంద్రకీలాద్రి అర్జునుని తపోభూమి అని స్థలపురాణం. భారతం అరణ్యపర్వంలో కిరాతరూపుడైన పరమేశ్వరునితో పోరినప్పుడు అతని అక్షయతూణీరాలే రిక్తమయ్యాయి. వింటికొనతో, ఖడ్గంతో, వృక్షాలతో, శిలలతో, ముష్టిఘాతాలతో పోరాడాడు. ఆయుధాలు మారాయి, దృష్టి మారలేదు. చివరకు మృత్తికతో శివుని రూపొందించి అర్చించగా, తానర్పించిన పూలమాల కిరాతుని శిరస్సుపై కనబడింది. ఆ దర్శనంతో యుద్ధం శరణాగతిగా పరిణమించింది, పాశుపతం లభించింది.

క్రీడలోని ప్రత్యర్థి ఈశ్వరుడు కాడు. అక్కడ గెలుపు, ఇక్కడ శరణాగతి. అయినా రెండింటికీ ద్వారం స్థిరదృష్టియే. క్రోధంవల్ల సమ్మోహం, దానివల్ల స్మృతిభ్రంశం, పిదప బుద్ధినాశం అని గీత ద్వితీయాధ్యాయం చెప్పిన క్రమం రణరంగానికే పరిమితం కాదు.

సాధకులారా! కామక్రోధాలు కూడా దూరంనుండే చేయి సాచుతాయి. ఆ చేయి మనను తాకకముందే దానిని చూడగలిగితే, ప్రతిక్రియ దానంతట అదే స్ఫురిస్తుంది.