ఉత్తర కార్తె కబుర్లు: ఈసారి ఏ టమాట పెడదాం?

వినాయకులు నీళ్లలో కలిశారు. పందిరి గుంజలు మాత్రం వీధి మొగల్లో ఇంకా పాతే ఉన్నాయి. బతుకమ్మ అయ్యేదాకా అవి కదలవు, ఏటా ఇదే వరస. సాగర్ ఎడమ కాలువ నిండుగా పారుతోంది. వేములపల్లి వైపు వెళ్తే రోడ్డుకు రెండు పక్కలా వరి పిలకలు తొడిగి కళ్లకు చల్లగా ఉంది. ఈసారి బంతిపూలు కిలో ఎంత పలుకుతాయో అని అప్పుడే అంచనాలు మొదలయ్యాయి. ఇక మిర్యాలగూడ డాబాల మీద సాయంత్రాలు నడుస్తున్న చర్చ వేరు: కుండీల్లో ఈసారి ఏ టమాట పెట్టాలని.

ఈ డాబా తోటల పిచ్చి చాలామందికి 2023లో అంటుకుంది. ఆ జులైలో కిలో టమాట 200 దాకా పోయింది కదా, ఆ మంట మీద కుండీలు, గ్రోబ్యాగులు కొన్న ఇళ్లు మా వీధిలోనే కొన్ని ఉన్నాయి. తీరా రెండు నెలలు తిరగకుండానే రైతులు రోడ్డు మీద పారబోసే ధరకు పడిపోయింది. డబ్బు మిగులుతుందని పెట్టినవాళ్ల కుండీల్లో ఇప్పుడు కలబంద ఉంది. చారు రుచి కోసం పెట్టినవాళ్లే ఇంకా టమాట పెడుతున్నారు. నన్నడిగితే ఇంటి టమాటకు అదొక్కటే సరైన కారణం. రకం ఎంచుకునేటప్పుడు కూడా దాన్నే పట్టుకోవాలి.

మొన్న నారు అమ్మే ఆమె దగ్గర ఆగాను. ట్రేల నిండా మొలకలు, ఏ ట్రేకీ పేరు లేదు.

"ఏం రకమమ్మా ఇది?"

"హైబ్రిడ్ అక్కా."

"హైబ్రిడ్‌లో ఏది?"

"మంచిదే అక్కా. కాయ గట్టిగుంటది, వారం పెట్టినా ఏం గాదు."

ఆమె చెప్పింది అబద్ధం కాదు. సాహో, అభినవ్ లాంటి కంపెనీ హైబ్రిడ్లు రైతుకు అన్నం పెడుతున్న రకాలే. మదనపల్లె మార్కెట్లో లారీ ఎక్కి రెండు రాష్ట్రాలు దాటే కాయకు తోలు మందంగానే ఉండాలి, గుజ్జు గట్టిగానే ఉండాలి. మన కాయకు అంత ప్రయాణం లేదు, డాబా మెట్లు దిగి వంటింట్లోకి వస్తే చాలు. అలాంటప్పుడు లారీ కోసం చేసిన తోలును మనమెందుకు నమలాలి? చారులో ఆ తోలు చుట్ట చుట్టుకుని పైన తేలుతుంటే మా అత్తమ్మ గరిటెతో ఏరి పళ్లెం అంచున పెడుతుంది, ఏమీ అనదు. అనకపోవడమే ఎక్కువ.

రకం సంగతికి ముందు కార్తె సంగతి. టమాట ఎండకు ఓర్చుకున్నట్టే కనిపిస్తుంది కానీ పూత ఓర్చుకోదు. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా 24, 25 కిందికి దిగకపోతే పుప్పొడి చచ్చుబడుతుంది. పువ్వు కాడ కణుపు దగ్గర పసుపు రంగుకు తిరిగి, వేలు తగిలితే ఊడి వస్తుంది. ఉగాది తర్వాత మన ఊరి ఎండ గురించి మీకు నేను చెప్పాలా? అప్పుడు చెట్టు ఏపుగా ఉంటుంది, ఆకులు నవనవలాడుతుంటాయి, పిందె మాత్రం పట్టదు. నాలుగు రకాల ఎరువులు పోసి విత్తనం మంచిది కాదని తిట్టుకునే వాళ్లలో సగం మంది అసలు గొడవ ఇదే. ఇప్పుడు ఉత్తరలో విత్తనం పోస్తే 25, 30 రోజులకు నారు చేతికొస్తుంది. చిత్త కార్తెలో నాటుకుంటే మరో 60, 70 రోజులకు, అంటే సంక్రాంతికి ముందే, మొదటి కాయ అందుతుంది. రాత్రులు చల్లగా ఉండే ఆ రెండు మూడు నెలలే మన టమాట కాలం. శివరాత్రి దాటాక ఏది కాసినా అది అదనమే.

హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరులోని ఇక్రిశాట్ ఆవరణలో ప్రపంచ కూరగాయల కేంద్రం వాళ్ల దక్షిణాసియా కార్యాలయం ఉంది. తైవాన్‌లో 1971లో పుట్టిన సంస్థ అది. వేడికి తట్టుకుని పిందె పట్టే టమాట కోసం వాళ్లు పెట్టుకున్న శ్రమ అంతా ఇంతా కాదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో టమాట జన్యువుల మీదే పనిచేసే ప్రయోగశాల ఒకటి ఉంది. 2012లో టమాట జన్యుపటం మొత్తం వెలువడినప్పుడు అందులో ఐదో క్రోమోజోము చదివిన వాటా మన దేశానిది. ఇంత చదివినా నిండు వేసవిలో కుండీలో కాయ కాయించడం సులువు కాలేదు. వేసవిలో కూడా కాయలు కావాలనుకుంటే చెర్రీ టమాట ఒకటి పెట్టి చూడండి, చిన్న కాయల రకాలు వేడికి కాస్త తట్టుకుంటాయి. పప్పులోకి సరిపోవు, పిల్లలు డాబా మీదే తినేస్తారు.

ఇక రకాలు. చారుకీ తొక్కుకీ నా ఓటు పూసా రూబీకి. ఢిల్లీ పూసా సంస్థ వాళ్ల పాత రకం ఇది. కాయ కాస్త చపటగా, గాళ్లు గాళ్లుగా ఉంటుంది, తోలు పలుచన, పులుపు నిండుగా ఉంటుంది. చింతపండు తగ్గించినా చారు చారులాగే ఉంటుంది. చూపుకు ఏమంత అందం లేదు, కోసిన మర్నాడే మెత్తబడుతుంది, అందుకే బజారులో నిలవలేకపోయింది. ఇంటికి అది లోపమే కాదు. కూరలోకీ పప్పులోకీ అయితే బెంగళూరు హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ల అర్కా వికాస్ బాగుంటుంది. గుండ్రటి కాయ 80, 90 గ్రాములు తూగుతుంది, ముచ్చిక చుట్టూ ఆకుపచ్చ భుజం ఉంటుంది, నీళ్లు ఒకరోజు అటూ ఇటూ అయినా తట్టుకుంటుంది. ఊరెళ్లే వాళ్లకు ఈ గుణం ముఖ్యం. వానాధారపు చేలకని తెచ్చిన అర్కా మేఘాలి కూడా ఈ కోవదే, కాయ కాస్త చిన్నది. తమిళనాడు పెరియకుళం నుంచి వచ్చిన పీకేఎం-1 పొట్టిగా గుబురుగా పెరుగుతుంది, పెద్ద కుండీ లేనివాళ్లకు అది నయం.

ఒక్క విషయం అడిగి మరీ తెలుసుకోండి: మొక్క కొంత ఎత్తుకు పెరిగి ఆగేదా, తీగలా సాగేదా? ఆగే రకం కాయలన్నీ దగ్గర దగ్గరగా ఒకేసారి ఇస్తుంది. తొక్కు పెట్టేవాళ్లకు అది కావాలి. తీగ రకం వారానికి నాలుగైదు కాయల చొప్పున చాలా రోజులు ఇస్తుంది. రోజూ చారు పెట్టే ఇంటికి ఇదే పనికొస్తుంది. తీగ రకానికి కర్ర ఊతం కట్టాలి, ఆకు సందుల్లో వచ్చే పిలకలు గిల్లుతుండాలి. గిల్లిన కాసేపటికి వేళ్లకు ముదురాకుపచ్చ మసి పడుతుంది. సబ్బు రాస్తే నురగ పసుప్పచ్చగా వస్తుంది, మూడోసారి కడిగినా వాసన వదలదు. ఆ వాసన ఇష్టపడేవాళ్లూ ఉన్నారు, అందులో నేనొకదాన్ని.

ఇన్ని చెప్పాక కూడా ఒక హైబ్రిడ్ పెట్టమంటాను, ఎందుకంటే తెల్లదోమ. మన చుట్టూ పత్తి, మిరప ఉన్నంతకాలం తెల్లదోమకు మేత కరువు లేదు. అది మోసుకొచ్చే ఆకుముడత వైరస్ పట్టిందంటే ఆకులు ముడుచుకుపోయి, కొనలు పాలిపోయి, మొక్క గిడసబారిపోతుంది. దానికి మందు లేదు, పీకి కవర్లో మూటగట్టి పారేయడమే. అర్కా రక్షక్ ఈ ముడతకూ, బాక్టీరియా వడలు తెగులుకూ, ఆకుమాడు తెగులుకూ తట్టుకునేలా తయారైన హైబ్రిడ్. ఇలా ముడతను తట్టుకునే గుణాల్లో ఒకటి అడవి టమాట నుంచి మామూలు టమాటలోకి దిగింది హర్యానాలోనే, కల్లూ, బెనర్జీ అనే మన శాస్త్రవేత్తల చేతుల్లో. రక్షక్ కాయ గట్టిదే, చారుకు నేను వాడను. కానీ మిగతావన్నీ ముడతకు పోయిన ఏడాది ఇంట్లో టమాట ఉందంటే దాని పుణ్యమే. నారు పోసిన ట్రే మీద పాత దోమతెర కప్పి ధీమాగా ఉండకండి. తెల్లదోమ ఆ కన్నాల్లోంచి హాయిగా దూరుతుంది. పలుచని నూలు చీర నయం.

మట్టి గురించి మన ఊరివాళ్లకు ఒక వెసులుబాటుంది: ఊక. వంద కిలోల ధాన్యం ఆడిస్తే ఇరవై కిలోల దాకా ఊకే వస్తుంది. అది బాయిలర్లో కాలితే నాలుగు కిలోల బూడిద, అందులో అత్యధికం సిలికానే. ఇన్ని మిల్లులున్న ఊళ్లో గాలి అటు నుంచి తిరిగిందంటే డాబా మీద ఆరేసిన బట్టలే సాక్ష్యం. ఆ బూడిద నల్లరేగడిలో కలిస్తే మట్టి గుల్లబారి నీళ్లు దిగుతాయి. క్షారగుణం ఉంది కాబట్టి కుండీలో పదోవంతు మించనివ్వకండి. ఎరువుకు మాత్రం సూర్యాపేటను చూడాలి. తడి చెత్త, పొడి చెత్త విడదీసి వానపాముల ఎరువు చేయించి ఆ మున్సిపాలిటీ ఇరవై ఏళ్ల కిందటే దేశమంతా పేరు తెచ్చుకుంది. మన వంటింటి తొక్కలతో మనం చేసుకోలేమా?

కాయ అడుగున నల్లగా గుంటపడితే గుడ్డు పెంకులు గుచ్చమని అందరూ చెబుతారు. కాల్షియం అందకే అలా అవుతుంది, నిజమే. పెంకులు కరిగేసరికి పంట అయిపోతుంది మరి. ఒకరోజు ముంచి, రెండు రోజులు ఎండగట్టే నీళ్ల పద్ధతి వల్లే కుండీల్లో ఎక్కువగా ఆ గుంట వస్తుంది. రోజూ పొద్దున్నే ఒకే కొలత నీళ్లు పోస్తే చాలావరకు సర్దుకుంటుంది.

బంతి ముచ్చట చెప్పకపోతే ఈ నెల కబుర్లు పూర్తికావు. కాయతొలుచు పురుగు తల్లి టమాట కంటే బంతిపూల మీద గుడ్లు పెట్టడానికి మొగ్గు చూపుతుంది. అందుకే పొలాల్లో పదహారు సాళ్ల టమాటకు ఒక సాలు బంతి వేయమంటారు. అది కూడా 25 రోజుల టమాట నారు పక్కన 40 రోజుల బంతి నారు, రెండూ ఒకేసారి పూతకొచ్చేలా. మనం బతుకమ్మ కోసం వేసవి చివర్లో పోసిన బంతి ఈ లెక్కకు సరిపోదు. టమాట పూసేనాటికి ఆ పూలు ఎప్పుడో సద్దుల బతుకమ్మ నాడే చెరువులో కలిసిపోయి ఉంటాయి. టమాట విత్తనానికి రెండు వారాల ముందే వేరే బంతి పోసుకోవాలి. ఇంకా పోయకపోతే ఈ వారమే పోసేయండి, టమాట విత్తనం నెలాఖరుకు పోసినా మునిగిపోయేదేం లేదు.

విత్తనం ఎక్కడ దొరుకుతుందని అడిగేవాళ్లకు: సాగర్ రోడ్డు దుకాణాల్లో పూసా, అర్కా రకాలు అడిగితేనే తీస్తారు, అడగకపోతే కంపెనీ ప్యాకెట్టే చేతిలో పెడతారు. త్రిపురారం మండలం కంపాసాగర్‌లోనూ, గరిడేపల్లి మండలం గడ్డిపల్లిలోనూ కృషి విజ్ఞాన కేంద్రాలున్నాయి. కోదాడ, హుజూర్‌నగర్ వైపు వాళ్లకు గడ్డిపల్లి దగ్గర, మనకు కంపాసాగర్. రకం మీదో తెగులు మీదో అనుమానం ఉంటే ఆకు తీసుకెళ్లి చూపించండి. పూసా రూబీ లాంటి, హైబ్రిడ్ కాని సూటి రకమైతే ఒక్క ప్యాకెట్టుతో జన్మంతా నడిపించవచ్చు. టమాట పువ్వు తనకు తానే ఫలదీకరణ చెందుతుంది కాబట్టి కూతురు తల్లిలాగే కాస్తుంది. బాగా పండిన కాయ గుజ్జును గిన్నెలో రెండు రోజులు పులియబెట్టి, కడిగి, నీడలో ఆరబెట్టుకుంటే సరి. రక్షక్ విత్తనం మాత్రం దాచకండి, మరుసటి ఏడు ఏ కాయ కాస్తుందో దానికే తెలియదు.

చివరగా కోతులు. పచ్చి కాయ జోలికి రావు, ఎరుపు తిరిగిందంటే మనకంటే ముందే మెట్లెక్కుతాయి. వల కట్టినవాళ్ల వల చింపాయి, పులి బొమ్మ పెట్టిన ఇంట్లో ఆ బొమ్మ పక్కనే కూర్చుని తిన్నాయి. దీనికి ఒకటే దారి: కాయ అడుగున గులాబీ చాయ కనబడగానే, దోరగా ఉన్నప్పుడే కోసేయండి. చెట్టు నుంచి తెంపినా టమాట పండుతుంది. వంటింట్లో గంపలో బోర్లా పేర్చి గుడ్డ కప్పితే మూడు నాలుగు రోజుల్లో ఎర్రబడుతుంది. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి. చలికి దాని వాసనలు తయారుచేసే పనే ఆగిపోతుంది, ఆ తర్వాత బయట పెట్టినా పూర్తిగా తిరిగి రాదు. ఇంత చేసి చివరికి బజారు టమాట రుచే తింటే ఎట్లా?