బోర్డు తిప్పేసిన నాలుగు రోజులు

2010 సెప్టెంబర్ 19, ఆదివారం నాడు గాగ్ డాట్ కామ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణానికి వెళ్లినవాళ్లకు ఆటలేవీ కనిపించలేదు. చిన్న ప్రకటన ఒక్కటి కనిపించింది. దుకాణాన్ని ఇప్పుడున్న రూపంలో నడపలేమనీ, సేవలు ఆపేస్తున్నామనీ, ఇప్పటికే కొన్న ఆటలను మళ్లీ దించుకునేందుకు ఆ వారంలోనే ఏర్పాటు చేస్తామనీ దాని సారాంశం. వ్యాపార, సాంకేతిక కారణాలన్నారు, అవేమిటో చెప్పలేదు. నాలుగో రోజుకల్లా అదే దుకాణం కొత్త హంగులతో తెరుచుకుంది. మూసే ఆలోచన అసలెవరికీ లేదు. రెండేళ్లుగా ‘బీటా’ అని రాసుకున్న ప్రయోగదశ ముగిస్తున్న సంగతి లోకమంతా చెప్పుకోవాలని వేసిన ఎత్తు అది.

ఆ ఎత్తు అంతగా ఎందుకు నొప్పించిందో తెలియాలంటే ఆ దుకాణం అమ్మిన సరుకేమిటో చూడాలి. అప్పట్లో దాని వెనక ఉన్న సీడీ ప్రాజెక్ట్ సంస్థను మార్చిన్ ఇవిన్‌స్కి, మిహావ్ కిచిన్‌స్కి అనే ఇద్దరు మిత్రులు 1994లో పోలండ్ రాజధాని వార్సాలో పెట్టారు. అప్పటికి అక్కడి సంతల్లో దొంగ కాపీలు కొల్లలు. అసలు సరుకు కొనేలా చేయాలంటే కొన్నవాడికి దొంగ కాపీలో దొరకనిది ఇవ్వాలని వాళ్లు గ్రహించారు. 1999లో ‘బాల్డర్స్ గేట్’ ఆటను పోలిష్ భాషలోకి తెచ్చి, పెట్టెలో మ్యాపు, నియమాల పుస్తకం కలిపి అమ్మారు. సంస్థకు పేరొచ్చింది ఆ ఆటతోనే. 2008లో మొదలైన గాగ్ అదే ఆలోచనకు కొనసాగింపు. పేరుకు విస్తరణ ‘గుడ్ ఓల్డ్ గేమ్స్’. పాత కంప్యూటర్ల కాలపు ఆటలను కొత్త యంత్రాల మీద నడిచేలా సరిచేసి, 5.99 లేదా 9.99 డాలర్లకు అమ్మేవారు. ఆటతోపాటు దాని మాన్యువల్, సంగీతం ఉచితం. అన్నిటికన్నా ముఖ్యం, అక్కడి ఆటలకు డీఆర్ఎం అనే తాళం ఉండేది కాదు.

డీఆర్ఎం ఉన్న ఆట డబ్బు కట్టినా కొన్నవాడిది కాదు. తాళంచెవి సాధారణంగా కంపెనీ సర్వర్ దగ్గర ఉంటుంది, అది పలకకపోతే ఆట తెరుచుకోదు. గాగ్‌లో కొన్న ఆటను మాత్రం సొంత డిస్కులో దాచుకుని, ఇంటర్నెట్ లేకుండా, ఎవరి అనుమతీ అడగకుండా ఎన్నేళ్లయినా ఆడుకోవచ్చు. కంపెనీ పోయినా సరుకు పోదన్న ధీమాయే అక్కడి అసలు సరుకు. మూసివేత ప్రకటన గురిచూసి కొట్టింది ఆ ధీమానే.

కొనుగోలుదారుల స్పందన ఒక్క తీరుగా లేదు. ఆటలన్నీ ముందే దించుకుని పెట్టుకున్నవాళ్లకు ఆందోళన లేదు, బాధ మాత్రం ఉంది. చిన్నప్పుడు ఆడిన ఆటలు వెతుక్కోవడానికి ఉన్న ఒక్క చోటూ పోయిందన్న బాధ అది. కొని కూడా దించుకోనివాళ్లే ఎక్కువ కంగారుపడ్డారు. దుకాణం ఉంటుందిలే, కావలసినప్పుడు తీసుకోవచ్చులే అన్న నమ్మకంతో వాళ్లు సరుకును అక్కడే వదిలారు. అంటే అందరికన్నా ఎక్కువగా నమ్మినవాళ్లకే ఎక్కువ దెబ్బ తగిలింది. ఇంకొందరు ప్రకటనలోని మాటలను పట్టి పట్టి చదివారు. ‘ఇప్పుడున్న రూపంలో’ అన్న చోట మెలిక ఉందని, ఇది ప్రచారమే అయివుంటుందని అనుమానించారు. వాళ్ల లెక్క నిజమైంది. అయితే ఒక దుకాణం మాటను దాని ఖాతాదార్లు తెలివితో విడదీసి చదవాల్సి రావడమే నష్టం. మామూలుగా మూసివేత ప్రకటనను ఎవరూ అలా చదవరు.

ఎందుకు చదవరో కోల్‌కతా పక్కనున్న హౌరాలో ఎవరికైనా తెలుసు. హుగ్లీ ఒడ్డున ఉన్న జూట్ మిల్లుల గేట్ల మీద ‘సస్పెన్షన్ ఆఫ్ వర్క్’ నోటీసు వేలాడడం ఆ ఊరికి కొత్త కాదు. పొద్దుటి షిఫ్టుకు వచ్చిన మనిషికి తాళం, దాని పక్కన ఒక కాగితం కనిపిస్తాయి. ఆ మిల్లుల్లో బీహారీలు, ఒడియాలతోపాటు గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి వలస వెళ్లిన తెలుగువాళ్లూ తరాలపాటు పనిచేశారు. ఆ కాగితం వాళ్లకు కూలీ, బకాయి, ప్రావిడెంట్ ఫండ్ అన్నిటి గురించీ ఒకేసారి చెప్పే వార్త. నది అటుపక్క 2013 ఏప్రిల్‌లో, జనం నుంచి మదుపులు సేకరించిన శారదా గ్రూపు కుప్పకూలినప్పుడు మూసిన ఆఫీసుల ముందు నిలబడిన చిన్న మదుపరులకూ తాళం అర్థం అదే. తెలుగులో ఇలాంటి మూతకు ‘బోర్డు తిప్పేయడం’ అన్న మాట పుట్టింది. నమ్మి డబ్బు అప్పగించినవాడి నోటి నుంచి వచ్చిన మాట అది. ఆరు డాలర్ల ఆటను మిల్లు కూలీతో తూచకూడదు, నష్టం ఏ రకంగానూ సమానం కాదు. కానీ తాళం చూసిన క్షణాన మనిషి వేసుకునే ప్రశ్న రెండు చోట్లా ఒక్కటే: లోపల ఉన్న నాది నాకొస్తుందా?

సెప్టెంబర్ 22న అసలు సంగతి బయటపెట్టారు. ఇంటర్నెట్‌లో జరిపిన పత్రికా సమావేశంలో ఇవిన్‌స్కి, గాగ్ నిర్వాహకుడు గియోమ్ రాంబూర్ క్రైస్తవ సన్యాసుల అంగీలు తొడుక్కుని, పాపానికి ప్రాయశ్చిత్తం చేసుకుంటున్నట్లు కనిపించారు. మోసపోయామని బాధపడ్డవాళ్లకు క్షమాపణ చెప్పారు. తమది చిన్న సంస్థ అనీ, ప్రచారానికి పెద్ద మొత్తాలు లేవనీ, కొత్త సైటు గురించి నలుగురూ మాట్లాడుకునే అవకాశం వదులుకోలేకపోయామనీ చెప్పుకున్నారు. మర్నాడు తెరుచుకున్న దుకాణంలో బాల్డర్స్ గేట్ అమ్మకానికి వచ్చింది. ఖాతాదార్లు ఎంతోకాలంగా అడుగుతున్న ఆట అది. దాన్ని చూసి చాలామంది కోపం మరిచిపోయారు. మరిచిపోనివాళ్లు ఎత్తిచూపిన లోపం మాత్రం సరైనదే. క్షమాపణ చెప్పే ఘట్టాన్ని కూడా ప్రచార వేషంలోనే జరిపారు. బాధపడినవాడికి సూటిగా ఒక మాట చెప్పాల్సిన చోట నాటకంలో రెండో అంకం నడిచింది.

ఊరించే ప్రచారమంతా తప్పేమీ కాదు. 2015లో కోల్‌కతా వీధుల్లో ‘ఎతో బొడో! శొత్తి?’ అంటూ, ఇంత పెద్దదా, నిజమేనా అని అడిగే హోర్డింగులు వెలిశాయి. దేశప్రియ పార్కులో పెడుతున్న 88 అడుగుల దుర్గ విగ్రహానికి ప్రచారం అది. ఊరు ఊరంతా దాని గురించే మాట్లాడుకుంది. అక్టోబర్ 18, పంచమి ఆదివారం నాడు జనం పోటెత్తి తొక్కిసలాట పరిస్థితి రావడంతో పోలీసులు దర్శనం ఆపేశారు. అక్కడి పొరపాటు రాబోయే జనాన్ని అంచనా వేయకపోవడం. చూడవచ్చినవాళ్లు మోసపోయామనుకోవడానికి కారణం లేదు, ఎందుకంటే చెప్పిన విగ్రహం చెప్పిన చోట ఉంది. ఊరించడానికి, నమ్మించి భయపెట్టడానికి మధ్య ఉన్న తేడా ఇదే.

రెండోదానికి మన దేశంలోనూ ఉదాహరణలున్నాయి. 2022 మే నెలలో విడుదలైన ‘అశోకవనంలో అర్జున కల్యాణం’ సినిమా కోసం హైదరాబాద్ రోడ్డు మీద, కథానాయకుడి కారు ముందు ఒక మనిషి ఒంటికి నిప్పంటించుకుంటానని బెదిరించే ప్రాంక్ వీడియో తీశారు. బహిరంగ రోడ్డు మీద ఇదేం పని అంటూ ఫిర్యాదు మానవ హక్కుల కమిషన్ దాకా వెళ్లింది. 2024 ఫిబ్రవరి 2న గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో నటి పూనమ్ పాండే చనిపోయిందని ఆమె ఖాతాలోనే ప్రకటించి, మర్నాడు బతికే ఉన్నానని, అవగాహన కోసమే అలా చేశానని ఆమే చెప్పింది. ఆ జబ్బుతో ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్లకు ఆ ఒక్క రోజు ఎలా గడిచిందో ప్రచారం రూపొందించినవాళ్లు ఆలోచించలేదు. ఆశయం మంచిదని చెప్పుకున్నా ఆ గాయం చిన్నది కాదు.

చట్టం ఇక్కడ కొంతవరకే పనికొస్తుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదారి పట్టించే ప్రకటనను నిర్వచించింది. డిజిటల్ వస్తువుల అమ్మకాన్నీ ఈ-కామర్స్‌లో చేర్చింది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మొదటి తప్పుకు 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా వేయవచ్చు. 2023 నవంబర్‌లో వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాలు, సరుకు అయిపోతోందంటూ పెట్టే అబద్ధపు తొందరను నిషేధించాయి. అయితే ఈ నియమాలన్నీ మనిషిని కొనేలా చేసే అబద్ధాన్ని దృష్టిలో పెట్టుకుని రాసినవి. ఇప్పటికే కొన్నవాణ్ని నాలుగు రోజులు భయపెట్టే అబద్ధం వాటిలో సులువుగా ఇమడదు.

నిజంగా మూసేవాళ్లు ఎలా మూస్తారో కూడా ఆ తర్వాతి ఏళ్లలో తెలిసింది. ఆటల కంపెనీ నింటెండో తన ఆన్‌లైన్ దుకాణం వీ షాప్‌ను 2019 జనవరి 30న మూసింది. ఆ సంగతి 2017లోనే చెప్పింది. 3డీఎస్, వీ యూ యంత్రాల ఈషాప్‌ను 2023 మార్చిలో మూయబోతున్నట్లు ఏడాది ముందే ప్రకటించింది. కొన్నవాళ్లకు దించుకునే వ్యవధి దొరికింది.

గాగ్ ఖాతాదార్ల నమ్మకం పూర్తిగా పోలేదు, కానీ అప్రమత్తత పెరిగింది. 2014 ఫిబ్రవరిలో దేశానికో ధర పెడతామని సంస్థ ప్రకటించినప్పుడు వాళ్లు గట్టిగా ఎదురుతిరిగారు. కొద్ది వారాల్లోనే సంస్థ వెనక్కి తగ్గింది. 2024లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం ఒక చట్టం చేసింది. డిజిటల్ దుకాణం అమ్ముతున్నది సొంతహక్కు కాక లైసెన్సు మాత్రమే అయితే ఆ సంగతి కొనేవాడికి ముందే చెప్పాలని దాని సారం. పెద్ద దుకాణమైన స్టీమ్ ఆ హెచ్చరికను చెల్లింపు పేజీలో పెట్టింది. అదే సమయంలో గాగ్, తమ దగ్గర కొన్న ఆటల ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్లను ఎవరూ వెనక్కి తీసుకోలేరని ప్రచారం చేసుకుంది. 2010 సెప్టెంబర్‌లో కొని కూడా దించుకోనివాళ్లు వినాలనుకున్న మాట అదే.