పంతుళ్ల పెద్దను ఎవరెన్నుకొనవలెను?

గడచిన వేసవిలో మేమొక యెన్నికకు పోయితిమి. అది శాసనసభ యెన్నిక కాదు; పంచాయతీ యెన్నికయు కాదు. మావంటి బడిపంతుళ్ల సంఘమొకదానికి పెద్దల నెన్నుకొనుట. సంఘము పేరు చెప్పుట మర్యాద గాదు. చెప్పినను ప్రయోజనము లేదు. సభ పదిగంటలకని ఆహ్వానములో నుండెను. పదకొండున్నరకు వేదిక నిండెను. ఒకరు లేచి కాగితమొకటి చదివిరి. అధ్యక్షులు, ఉపాధ్యక్షులు, కార్యదర్శులు, కోశాధికారి, అందరి పేర్లును అందులో వరుసగా నుండెను. "సమ్మతించువారు చేతులెత్తవలెను" అనిరి. చేతులు లేచెను. మా చేయియు లేచెను. ఏకగ్రీవమని చప్పట్లు మ్రోగెను. వెంటనే పులిహోర పొట్లములు వచ్చెను. పులిహోర బాగుగనే యుండెనని ఒప్పుకొనక తప్పదు.

మా ప్రక్క వరుసలో కూర్చున్న మా బడి గణితోపాధ్యాయిని చేయి మాత్రము ఒడిలోనే యుండెను. మేము చూచితిమి. వేదికమీదివారు చూడలేదో, చూచినచో ఏకగ్రీవమునకు భంగము కలుగునని చూడనట్లుండిరో తెలియదు. ఆ జాబితాలో పదునేడు పేర్లుండగా స్త్రీ పేరొక్కటి. ఆ పేరు ప్రక్కను 'మహిళా ప్రతినిధి' అని వ్రాసియుండెను. తక్కిన పదునార్గురు పురుషప్రతినిధులని ఎక్కడను వ్రాసి లేదు. సభలో సగముమంది స్త్రీలు.

ఇంటికి వచ్చునప్పటికి దీపాలవేళ యైనది. మా గృహిణి మజ్జిగ తెచ్చి యిచ్చి, "ఎవరయ్యారండీ ప్రెసిడెంటు?" అని యడిగెను. పేరు చెప్పితిమి.

"ఆయనెవరు? ఏ బళ్లో చెప్తారు?"

మేము తెల్లబోయితిమి. ఆయన నల్లబల్లముందు నిలిచి యెన్నేండ్లైనదో మాకు తెలియదు. కార్యాలయములలో పనులు చేయించగల సమర్థుడని మాత్రము వింటిమి.

"తెలియనాయనకి చెయ్యెందుకెత్తారు మరి?"

మేము బదులు చెప్పక కాళ్లు కడుగుకొనుటకు దొడ్డిలోనికి పోయితిమి. ఇరువదేండ్లుగా తరగతిలో పిల్లలకు ఓటు పవిత్రమైనదని పాఠము చెప్పుచున్నవారము మేము.

జూనులో బడులు తెరచిన పిమ్మట గణితోపాధ్యాయినిని అడిగితిమి, ఆనాడు చేయెందుకెత్తలేదని. ఆమె చిరునవ్వు నవ్వి, "పేర్లే తెలియవు గదా మాస్టారూ, ఎలా ఎత్తను? మీరెత్తారుగా, మీకు తెలుసా?" అనిరి. ఒకరి నొకరు ఎరుగని యిద్దరు స్త్రీలు మమ్ము ఒకే ప్రశ్న యడుగుట మాకు గ్రహచారముగా తోచెను. పిమ్మట ఆమె, "మా లెక్కలవాళ్లలో ఈ తగువు ప్రపంచమంతటా నూరేళ్లు నడిచింది. చదువుతారా?" అని కొన్ని కాగితము లిచ్చిరి. మేము సంస్కృతమును, ఇంగ్లీషును చదువుకొన్నవారము. గణితము మాకు చిన్ననాటి పగ. అయినను చదివితిమి. చదివినకొలది ఆనాడెత్తిన చేయి బరువెక్కెను.

కథ యిది. గణితబోధన కొరకే లేసాన్, ఫేర్ అను నిద్దరు 1899లో ఫ్రెంచిభాషలో ఒక పత్రికను పెట్టిరి. దేశదేశముల బళ్లలో గణితమెట్లు చెప్పుచున్నారో విచారించుటకు అంతర్జాతీయ మండలి యొకటి యుండవలెనని డేవిడ్ యూజీన్ స్మిత్ అను అమెరికాదేశీయుడు 1905లో ఆ పత్రికయందే వ్రాసెను. 1908 ఏప్రిలులో రోమునగరమున కూడిన గణితజ్ఞుల మహాసభ దానిని స్థాపించెను. నేడు దానిని ఇంటర్నేషనల్ కమిషన్ ఆన్ మేథమెటికల్ ఇన్‌స్ట్రక్షన్ అందురు. మేము బోధనామండలి యని పిలిచెదము. మొదటి యధ్యక్షుడు జర్మనీదేశపు ఫెలిక్స్ క్లైన్. ఆయన మహాగణితజ్ఞుడు; అయినను బడిని మరువలేదు. విశ్వవిద్యాలయములో అడుగుపెట్టిన విద్యార్థి బడిలో నేర్చిన గణితమును మరువవలసివచ్చుచున్నదనియు, చదువు ముగించి ఉపాధ్యాయుడైన పిమ్మట విశ్వవిద్యాలయపు గణితమును మరచి పాతదారినే పట్టుచున్నాడనియు, ఈ తెగుదల రెండుచోట్ల నున్నదనియు ఆయన చెప్పెను. సంస్కృతము చదివి మాధ్యమిక పాఠశాలలో శబ్దమంజరి చెప్పుచున్న మాకు ఈ మాట మా గురించి చెప్పినట్లే తోచెను.

అయితే ఆ మండలిలో అన్ని దేశములకును ఒకే పీట వేయలేదు. గణితజ్ఞుల మహాసభలకు ముందునుండి మనుష్యులను పంపిన దేశములు సభ్యదేశములు. తక్కినవి అనుబంధ దేశములు. వాటి ప్రతినిధులు వచ్చి వినవచ్చును గాని ఓటు లేదు. ఆ రెండవ పంక్తిలో చైనా, ఈజిప్టు, బ్రెజిలు మున్నగువాటితోపాటు నాటి ఆంగ్లపాలిత ఇండియాయు నుండెను. సున్నకు గుర్తునిచ్చిన దేశము వాకిట నిలిచి వినుట! ఈ మాట మేము కొంచెము రోషముతోనే వ్రాయుచున్నాము. కాని ఆనాడు మన బళ్లలో ఆడపిల్లలెందరు, పంచములెందరు అని తలచినప్పుడు ఆ రోషము కొంత చల్లారుచున్నది. మనమును చాలమందిని వాకిటనే నిలిపితిమి.

మొదటి ప్రపంచయుద్ధము మండలిని చీల్చెను. తిరిగి లేచెను, రెండవ యుద్ధము మరల పడవేసెను. 1952లో అది అంతర్జాతీయ గణితసమాజమునకు శాఖగా చేరెను. అక్కడ తగవు మొదలు. బోధనామండలి పెద్దలను ఎన్నుకొను హక్కు గణితసమాజము చేతిలోనికి పోయెను. ఆ సమాజములో దేశములు ఐదు తరగతులు. తరగతినిబట్టి దేశమునకు ఒకటి మొదలు ఐదు ఓట్లు. ఓటు వేయువారు సిద్ధాంతములు నిరూపించు పండితులు. ఎన్నుకొనబడువారు పిల్లలకు లెక్కలెట్లు వచ్చునో విచారింపవలసినవారు. వంటవారి సంఘమునకు పెద్దను బియ్యపు వర్తకులు ఎన్నుకొన్నట్లున్నది.

బియ్యపు వర్తకులను తక్కువ చేయుట మా యుద్దేశము గాదు. బియ్యము మంచిదో కాదో వారికి తెలియును. పుచ్చుబియ్యముతో ఎంత నేర్పరి వండినను అన్నము కాదు. వారు ఎన్నుకొన్నవారిలోనే హాన్స్ ఫ్రాయిడెంటాల్ వంటివాడు వచ్చెను. హాలండు దేశమున పనిచేసిన యీ గణితజ్ఞుడు 1967 మొదలు 1970 వరకు అధ్యక్షుడు. సిద్ధముగా వండిన గణితమును పిల్లవాని నోట కుక్కరాదు, పెద్దలు దారి చూపగా పిల్లవాడే దానిని తిరిగి కనుగొనవలెనని ఆయన వాదము. 1968లో గణితబోధన పరిశోధనకు వేరుగా పత్రికను స్థాపించెను. 1969లో ఫ్రాన్సుదేశపు లియోను నగరమున బోధకుల ప్రపంచ మహాసభను కూర్చెను. మాతృసంస్థ నడుగకయే ఈ పనులు చేసెనని పెద్దలకు కినుక కలిగెనట. అడిగియుండినచో ఏమగునో మనకు తెలిసినదే, ఉపసంఘము వేసియుందురు.

ఆ మహాసభలు ఏండ్లు గడచినకొలది పెరిగెను. బోధనను విచారించుట తనంతటతానొక శాస్త్రమయ్యెను. అయినను పెద్దల నెన్నుకొనునది వేరొకరే. మా కంటికి ఆశ్చర్యముగా కనబడినది తరువాతి మాట. 2006 ఆగస్టులో స్పెయినుదేశపు శాంటియాగో నగరమున గణితసమాజము కూడి, ఈ హక్కును తానే విడిచిపెట్టెను. ఇకమీదట బోధనామండలి పెద్దలను ఆ మండలికి దేశదేశములనుండి వచ్చిన ప్రతినిధులే ఎన్నుకొనవలెనని తీర్మానించెను. చేతిలోని యధికారమును ఎవరును పెరికికొనకముందే వదలుట మా నలుబదియేండ్ల జీవితములో మేము చూచినది చాల తక్కువ. ఇంటి తాళపుచెవులను కోడలికి అప్పగించిన అత్తగారిని ఒక్కరినే యెరుగుదుము. ఆమెయు కాశీకి పోవుచు అప్పగించినది.

2008లో మెక్సికోదేశపు మాంటెరీ నగరమున మొదటి యెన్నిక జరిగెను. రోములో పుట్టిన నూరేండ్లకు మండలి తన పెద్దలను తానే ఎన్నుకొనెను. ఎన్నికైనది న్యూజిలాండుకు చెందిన బిల్ బార్టన్. ఆయన పని చూడుడు: మావోరీ పిల్లలకు మావోరీ భాషలోనే గణితము చెప్పుటకు పరిభాషను కూర్చుటలో పాల్గొన్నవాడు. పూర్వపు మావోరీ భాషలో సంఖ్యాపదములు విశేషణములు గాక క్రియలవలె నడచుననియు, ఇంగ్లీషు అచ్చులో పరిభాషను పోయుటవలన ఆ నడక చెడిపోవుననియు గమనించి వ్రాసెను. 2016లో జర్మనీలోని హాంబర్గు మహాసభ కాలమున దక్షిణాఫ్రికాకు చెందిన జిల్ ఆడ్లర్ ఎన్నికైనది. పెక్కుభాషల పిల్లలున్న తరగతిలో గణితము చెప్పు ఉపాధ్యాయుల చిక్కులే ఆమె పరిశోధన. ఇంగ్లీషులో చెప్పినచో పిల్లలకు అర్థము కాదు, ఇంటిభాషలో చెప్పినచో పరీక్షలో ఇంగ్లీషు రాదు. ఈ రెంటినడుమ ఉపాధ్యాయుని నాలుక ఎట్లు నలుగుచున్నదో ఆమె 2001లో ఒక గ్రంథముగా ప్రకటించినది.

ఇది చదివినప్పుడు మా మనస్సు మా బడిలోనికి పోయెను. మన రాష్ట్రమున 2019లో ప్రభుత్వపాఠశాలలను ఇంగ్లీషు మాధ్యమమునకు మార్చవలెనని ఉత్తరువులు వచ్చుట, 2020 ఏప్రిలులో హైకోర్టు వాటిని కొట్టివేయుట అందరెరిగినదే. ఊరూర వాదములు చెలరేగెను. మేమును తెలుగు పక్షమున గట్టిగా మాటలాడితిమి. అప్పుడు గణితోపాధ్యాయిని మాకొక సంగతి చెప్పిరి. ఆమె భిన్నములు చెప్పుచు ఒక పిల్లవానిని 'డినామినేటరు' అనగా నేమని యడిగిరట. "కింద ఉండేదండీ" అనెనట. సరియే యని సంతోషించి, తెలుగులో దానిని హారమందురని చెప్పిరట. వాడు ఆలోచించి, "హారమంటే మెళ్లో వేసుకునేది గదండీ, కిందెందుకుంది?" అనెనట.

మేము నవ్వితిమి. నవ్వి, ఆగితిమి. హృ ధాతువునుండి హారము వచ్చుననియు, భాగించునది కావున ఆ పేరనియు, లవమనగా తునకయనియు మాకు తెలియును. ఆ పిల్లవానికి తెలియదు. మేము తెలుగని పోరాడినది వాని తెలుగు గాదు, మా సంస్కృతము. మహావీరాచార్యుని గణితమును తొమ్మిది శతాబ్దములకు పూర్వమే పావులూరి మల్లన తెనుగుపద్యములలోనికి దించెను. ఆ గర్వము మాకున్నది. కాని పద్యము వినువాడెవడు, వానికెంత తెలిసెను అని మేమెన్నడు నడిగితిమి? బార్టను గాని, ఆడ్లరు గాని అడిగిన ప్రశ్న యదియే. ఆ ప్రశ్న అడిగినవారిని మండలి తన పెద్దలుగా ఎన్నుకొన్నది. మా సంఘము ఎన్నుకొన్నవారు హారమును గూర్చి యేమి తలంచుచున్నారో వారిని ఎవరును అడుగలేదు. వారికి తెలిసిన హారములు సభలలో మెడలో పడునవి.

ఇంతలో ఒక చిక్కు. ఓటు చేతికి వచ్చినందువలననే మంచివారు వచ్చిరని వ్రాసి ముగింపవలెనని మేము ఉబలాటపడితిమి. గణితోపాధ్యాయిని ఒప్పుకొనలేదు. "పాత పద్ధతిలో జరిగిన ఆఖరి ఎన్నిక చూడండి మాస్టారూ" అనిరి. చూచితిమి. 2006లో గణితసమాజము హక్కును విడుచుచు, చివరిసారిగా తాను ఎన్నుకొన్నది ఫ్రాన్సుదేశపు మిషేల్ ఆర్టీగ్ అను విదుషిని. 1908 మొదలు ఆ పీఠమున కూర్చున్న మొదటి స్త్రీ యామెయే. ఆ సమాజమే 2010 ఆగస్టులో మన హైదరాబాదున జరిగిన గణితజ్ఞుల మహాసభకు ముందు బెంగుళూరులో కూడి, తన యధ్యక్షపదవికి మొట్టమొదటిసారి స్త్రీని, ఇంగ్రిడ్ డోబెషీని, ఎన్నుకొనెను. ఈ సంగతి మా గృహిణికి చెప్పగా, "తొంభై ఎనిమిదేళ్లు పట్టిందా ఒక్క ఆడది దొరకడానికి!" అనెను. వర్తకులు మంచి వంటవానిని ఎన్నుకొనవచ్చును. వంటవారు చెడ్డవానిని ఎన్నుకొనవచ్చును. మరియొకటి: నేటికిని ఆ మండలిలో దేశమునకొక ప్రతినిధియే, పల్లెలో బడిచెప్పు పంతులు చేయి అంతదూరము చేరదు. కాబట్టి ఎన్నిక యనగానే న్యాయము దిగివచ్చునని మేము చెప్పము. తెలియక ఎత్తిన చేతికంటె తెలిసి దింపిన చేయి గౌరవనీయమని మాత్రము, ఒడిలోని ఆ చేతిని తలచుకొన్నప్పుడెల్ల తోచుచున్నది.

మొన్న గణితోపాధ్యాయిని మరల వచ్చిరి. ఈసారి కాగితమొక్కటే. మా సంఘపు నిబంధనలలో ఎన్నిక రహస్యపు ఓటుచేత జరుగవలెననియు, అభ్యర్థులు తాము చెప్పు తరగతులను, చేయదలచిన పనిని పదిదినములు ముందుగా వ్రాసి సభ్యులకు పంపవలెననియు, 'మహిళా ప్రతినిధి' అను మాటను తీసివేయవలెననియు ఆమె వ్రాసిన యర్జీ అది. సభ్యులలో నాలుగవవంతు సంతకములున్నగాని దానిని చర్చకు తీసికొనరు. మొదటి సంతకము ఆమెది. రెండవచోటు ఖాళీగా నుండెను.

"ఆలోచించుకొని చెయ్యండి మాస్టారూ, తొందర లేదు. మీ బదిలీ ఫైలు ఇంకా వాళ్లదగ్గరే ఉందిగా" అనిరి.

ఉన్నమాటయే. మా తల్లిగారు వృద్ధురాలు. ఆమె యున్న యూరికి బదిలీ కొరకు మూడేండ్లుగా తిరుగుచున్నాము. ఆ పని నూతనాధ్యక్షులవారి మాటమీదనే నడువవలసియున్నది. కాగితము మడిచి యింటికి తెచ్చితిమి. మా గృహిణి చదివినది, రెండుసార్లు చదివినది. బదిలీ మాట యెత్తలేదు. "హారం సంగతి ఇందులో రాయలేదేం?" అనెను. "ఇది అర్జీ, దానిలో అటువంటివి వ్రాయరు" అంటిమి. కలము తెచ్చి బల్లమీద పెట్టి వంటయింటిలోనికి పోయినది.

సంతకము చేసితిమి. ఇప్పటికి పదునొకండైనవి. ఇంకను నలువదికి పైగా కావలెను.